మాల కోసం మందు మానేస్తున్నారా? మొదటి నాలుగు రోజులూ, నలభై రెండో రోజూ జాగ్రత్త

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాను. ఆరేళ్ళుగా రోజూ సాయంత్రం క్వార్టర్, ఆదివారమైతే ఆఫ్. కిందటేడు అయ్యప్ప మాల వేసి 41 రోజులు చుక్క ముట్టలేదు. మాల తీసిన రాత్రే ఫ్రెండ్స్‌తో కూర్చుని ఆఫ్ పైనే తాగి బండి మీద నుంచి పడ్డాను. అప్పటినుంచి తాగుడు ఇంకా పెరిగింది. ఈ మధ్య పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొవ్వు పేరుకోవడం) అన్నారు. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 96, ఎస్‌జీపీటీ 51, జీజీటీ 180. ఈ ఏడు కూడా మాల వేద్దామనుకుంటున్నాను. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమా? 41 రోజుల్లో లివర్ బాగవుతుందా? మా ఆవిడ ఎవరో చెప్పారని అన్నంలో కలిపే పొడి తెప్పిస్తానంటోంది. అది మంచిదేనా?

సమాధానం:

తమ్ముడూ, ముందుగా ఒక మాట. దాచకుండా రాశారు. రోజుకు ఎంత తాగుతారని అడిగితే నా ముందు కూర్చున్నవాళ్ళలో చాలామంది సగమే చెబుతారు. మీరు క్వార్టర్ అని, ఆఫ్ అని, పడిపోయానని, చెయ్యి వణుకుతోందని కూడా రాశారు. అందుకే నేనూ వివరంగా చెప్పగలుగుతున్నాను.

నేను మానసిక వైద్యుణ్ణి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం మందు మాన్పించే వార్డులోనే గడిచింది. ఏడుసార్లు మాల వేసినవాణ్ణి కూడా. కాబట్టి దీక్ష గురించి బయటినుంచి మాట్లాడటం లేదు. దాని మీద నాకు గౌరవం ఉంది. ఏ మందు బిళ్ళకూ లొంగని మనుషులు మెడలో మాల పడగానే మారిపోవడం చూశాను. దీక్షలో ఉండగానే ఫిట్స్ వచ్చి స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళనూ చూశాను. రెండూ నిజమే కాబట్టి రెండూ చెబుతాను.

మీ చేతి వణుకు దగ్గర మొదలుపెడదాం. మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే, లివర్ రిపోర్టు దాని తర్వాతే. రాత్రి తొమ్మిదికి ఆఖరి పెగ్గు అనుకుందాం. పొద్దున ఆరింటికి టీ గ్లాసు పట్టుకునేసరికి తొమ్మిది గంటలు గడిచాయి. రోజూ తాగే మనిషిలో మందు దిగిపోయే లక్షణాలు సరిగ్గా ఆ సమయానికే, అంటే ఆఖరి గుక్క తర్వాత ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతాయి. మందు మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ అలా జరుగుతుంటే, మెదడు తన పని తాను చేసుకోవడానికి ఎదురు తిరిగి వేగం పెంచుకుంటుంది. ఒకరోజు మందు పడకపోతే ఆ వేగం మాత్రం అలాగే ఉండిపోతుంది. గుండె దడ, చెమటలు, వికారం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కంగారు, చేతుల వణుకు, అన్నీ అందులోంచి వచ్చేవే. రాత్రి తొమ్మిది గంటల విరామానికే మీ చెయ్యి వణుకుతోందంటే, మీ శరీరం మందుకు అలవాటు పడిపోయిందని అర్థం.

ఇప్పుడు క్వార్టర్ లెక్క చూడండి. 180 మిల్లీలీటర్ల బ్రాందీ లేదా విస్కీలో 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. తూకంలో చెప్పాలంటే దాదాపు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు. డాక్టర్లు 10 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కేస్తారు. అంటే మీరు "ఒక్క క్వార్టరే" అనుకుంటున్నది రోజుకు ఆరు డ్రింకులు. ఆదివారం ఆఫ్ అంటే పన్నెండు పైమాటే. "నేను బీరే తాగుతాను, దానికేం కాదు" అనే తమ్ముళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్ళకో మాట. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఒక్కటి నాలుగు డ్రింకులు.

మానేసిన తర్వాత ఏ రోజు ఏం జరుగుతుందో చెబుతాను. ఇది మీ ఇంట్లోవాళ్ళకూ తెలియాలి. మొదటి రోజు వణుకు, చెమటలు, వాంతి వచ్చినట్టుండటం, నిద్ర పట్టకపోవడం. ఫిట్స్ వచ్చే అవకాశం మొదటి 48 గంటల్లోనే ఎక్కువ. లేని శబ్దాలు వినపడటం, లేనివి కనపడటం కూడా ఆ సమయంలోనే మొదలుకావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపల కొందరికి అసలు ప్రమాదం వస్తుంది. ఉన్న చోటేదో తెలియదు, మనుషుల్ని గుర్తుపట్టరు, జ్వరం వస్తుంది, బీపీ పెరుగుతుంది, కేకలు వేస్తారు. డెలీరియం అంటారు దాన్ని. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. అందరికీ రాదు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్ళకు, ఎక్కువ తాగేవాళ్ళకు, లివర్ దెబ్బతిన్నవాళ్ళకు, సరిగా తిండి తినని వాళ్ళకు వచ్చే అవకాశం ఎక్కువ.

పదేళ్ళ కిందట ఒక నవంబరు సాయంత్రం. ఒక మనిషిని ఆటోలో తీసుకొచ్చారు. నల్ల పంచె, మెడలో తులసి మాల, నుదుటి మీది విభూతి చెమటకు కరిగి కనుబొమల దాకా జారింది. మంచం మీద కూర్చుని, దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కదాన్నే రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పడేస్తున్నాడు. ఎంతో ఓపికగా, పని చేసుకుంటున్నట్టు. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని "ఏదో అపచారం జరిగింది బాబూ, స్వామికి కోపం వచ్చింది" అని ఏడ్చింది. అప్పటికే రెండు చోట్ల విబూది పెట్టించి, దిష్టి తీయించి తీసుకొచ్చారు. మాల వేసి అది మూడో రోజు. అంతకుముందు రోజుకో ఆఫ్ తాగేవాడు. మాల వేసుకునే ముందు రాత్రి, మళ్ళీ 41 రోజులదాకా కుదరదని, స్నేహితులతో కూర్చుని తెల్లవార్లూ తాగాడు. వైద్యం చేస్తే ఐదో రోజుకు మామూలు మనిషయ్యాడు. స్వామి కోపం కాదమ్మా అని వాళ్ళమ్మకు చెప్పడానికి మాత్రం నాకు చాలాసేపు పట్టింది. ఒక్క రోజు ఆలస్యమై ఉంటే ఆ తల్లి జీవితాంతం అపచారం అనే అనుకునేది.

ఇలాంటిదే ఊళ్ళకు ఊళ్ళు చూసిన సందర్భం ఒకటి ఉంది. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో వైన్ షాపులన్నీ ఒక్కరోజులో మూతపడ్డాయి. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో జనం వరసకట్టారు. తాగుడు మానాలని వాళ్ళెవరూ అనుకోలేదు, మందు దొరకలేదంతే. దీక్ష కోసం మానినా, దొరకక మానినా మెదడుకు తేడా తెలియదు.

అందుకని మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. మీ స్థితిలో డాక్టరు సాయం లేకుండా ఒక్కసారిగా మానవద్దు. అలాగని భయపడి మానడం మానుకోవద్దు. మాలకు వారం ముందే సైకియాట్రిస్టునో, జనరల్ ఫిజీషియన్‌నో కలవండి. పొద్దున వణుకుతోందని, కిందటేడు మానిన మొదటి రోజుల్లో ఎలా ఉందో, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయో లేదో చెప్పండి. క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు మొదటి రోజు కాస్త ఎక్కువగా మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే లోరాజెపామ్ వైపు వెళతారు. వీటితోపాటు బి1 విటమిన్, అంటే థయమిన్, తప్పకుండా ఇస్తారు. రోజూ తాగేవాళ్ళలో ఇది అడుగంటిపోయి ఉంటుంది. అది లేనప్పుడు మెదడు దెబ్బతిని నడక తూలిపోవడం, చూపు తేడా రావడం, జ్ఞాపకం పోవడం జరుగుతాయి. నీరసంగా ఉందని వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజ్ సీసా పెట్టించుకోవడం మన దగ్గర అలవాటు. తాగేవారికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయి పరిస్థితి ముదరవచ్చు. సెలైన్ పెట్టే ముందు "నేను రోజూ తాగుతానండీ" అని చెప్పడానికి సిగ్గుపడకండి.

ఆ మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని సొంతంగా వేసుకోవద్దు. వాటిమీద మందు పడితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, మాత్రలకే అలవాటుపడే ప్రమాదమూ ఉంది. ఒళ్ళునొప్పులకు పారాసెటమాల్ గుప్పెడు మింగడం కూడా వద్దు, మీ లివర్‌కు అది మంచిది కాదు. "కల్లుతో సర్దుకుంటాలే" అనుకునేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. కొన్ని చోట్ల కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. అలాంటి కల్లు ఆపినా ఇవే ఫిట్స్ వస్తాయి, ఒక్కోసారి ఇంతకంటే ఘోరంగా.

ఇంకో విషయం చాలామందికి తెలియదు, మీలా ఏటా మాల వేసేవారికి అది తెలిసి తీరాలి. మానడం, మళ్ళీ బాగా తాగడం, మళ్ళీ ఒక్కసారిగా మానడం, ఇలా జరిగిన ప్రతిసారీ మెదడు ఎదురుతిరగడం కొంచెం ఎక్కువవుతుంది. మొదటి ఏడాది చెమటలు పట్టి ఊరుకున్న మనిషికి రెండో ఏడాది వణుకు, నాలుగో ఏడాది ఫిట్స్. "కిందటేడు ఏం కాలేదుగా, ఈసారీ ఏం కాదు" అన్న ధైర్యం అందుకే పనికిరాదు. మీకు కిందటేడు పొద్దున వణుకు లేదు, ఈ ఏడు ఉంది. మెట్టు ఒకటి ఎక్కారు.

మాల వేసుకున్నాక మందులు వేసుకోవచ్చా అని అడుగుతారేమో. నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. ఏ గురుస్వామీ కాదనడు, కాదంటే ఆయనతో నేను మాట్లాడతాను. బీపీ, షుగరు మాత్రలు ఆపేసి దీక్ష చేసేవాళ్ళున్నారు, అది తప్పు. మొదటి వారం చన్నీళ్ళు ఒంటికి పడకపోతే గోరువెచ్చని నీళ్ళు పోసుకోండి. ఒంటిపూట భిక్ష మొదటి పది రోజులు వద్దు. మందు మానిన ఒంటికి తిండి కావాలి. లేకపోతే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం అరటిపండ్లు, ఉడకబెట్టిన శనగలు, రాత్రి అల్పాహారం తీసుకోండి. మజ్జిగ, కొబ్బరినీళ్ళు ఎక్కువగా తాగండి. మొదటి నాలుగు రాత్రులు పీఠంలో ఒక్కరే పడుకోకండి. ఇంట్లో, మనిషి కనిపెట్టుకుని ఉండేచోట పడుకోండి. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, రక్తం వాంతి అయినా, కళ్ళు పచ్చబడినా ఇక ఆలోచించవద్దు, 108కి ఫోన్ చేయండి. మాల మెడలో ఉండగానే ఆసుపత్రికి వెళ్ళవచ్చు.

మాలకు ముందు రాత్రి తెల్లవార్లూ తాగే పద్ధతి ఒకటి ఉంది, అది మాత్రం చేయకండి. మూడో రోజు ప్రమాదాన్ని ఆ రాత్రి చేజేతులా తెచ్చుకున్నట్టవుతుంది. మాల వేసే నాటికే మీరు మాత్రల మీద ఉండి, మందు ఆపి నాలుగు రోజులు దాటి ఉంటే ఇంకా మంచిది. అంటే ఆసుపత్రి పని ముందు, గుడి పని తర్వాత. అప్పుడు మాల పడిన రోజు నుంచే మనసు పూజ మీద నిలుస్తుంది.

ఇక లివర్. మీ రిపోర్టు మందు వల్ల వచ్చిన తేడాలాగే ఉంది. ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి దాదాపు రెట్టింపు ఉండటం, జీజీటీ బాగా పెరగడం మందుబాబుల రిపోర్టుల్లో మాకు రోజూ కనిపించేదే. అయినా హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒకసారి చేయించండి. సంతోషించదగ్గ విషయం ఏమిటంటే ఫ్యాటీ లివర్ దశలో తిరిగి బాగుపడే అవకాశం చాలా ఎక్కువ. పూర్తిగా మానేస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో కొవ్వు చాలావరకు కరిగిపోతుంది. జీజీటీ రెండు మూడు వారాలకోసారి సగానికి సగం పడుతూ వస్తుంది. మీ 180 నలభయ్యో రోజుకు చాలా కిందికి దిగి ఉంటుంది. లివర్ గట్టిపడి సిర్రోసిస్ దాకా వెళితే మాత్రం ఈ వెనక్కి తిరిగే దారి మూసుకుపోతుంది. మీరింకా ఆ దారి తెరిచి ఉన్నచోటే ఉన్నారు. నలభయ్యో రోజున, అంటే మాల తీయకముందే, ఇవే పరీక్షలు మళ్ళీ చేయించి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. నేను చెప్పే ఏ మాటకంటే కూడా ఆ కాగితాలు గట్టిగా మాట్లాడతాయి.

దీక్షలు మనకే ప్రత్యేకం కాదు. ఇంగ్లండులో 2013 నుంచి జనవరి నెలంతా మందు మానే ఉద్యమం నడుస్తోంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా ఇప్పుడు దాన్ని పాటిస్తున్నారు. ఓ మోస్తరుగా, ఎక్కువగా తాగేవాళ్ళను ఒక నెలపాటు మాన్పించి లండన్ డాక్టర్లు పరీక్షలు చేశారు. 2018లో ప్రచురించారు. బరువు సుమారు ఒకటిన్నర శాతం తగ్గింది, బీపీ తగ్గింది, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం నాలుగో వంతు మేర తగ్గింది. ముస్లిం సోదరులు రంజాన్ నెలలో, క్రైస్తవులు శ్రమకాలం నలభై రోజుల్లో మానడం కూడా నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చూస్తున్నాను. ఏ మతమైనా, ఏ మతమూ లేకపోయినా, ఒంటికి జరిగే మేలు ఒకటే. మొదటి నాలుగు రోజుల ప్రమాదమూ ఒకటే.

నిద్ర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది రెండో వారంలో నిద్ర దగ్గరే ఓడిపోతారు. మందు వేస్తే నిద్ర పడుతుందన్నది సగమే నిజం. తొందరగా పడుతుంది, కానీ రాత్రి రెండో సగం ముక్కలు ముక్కలవుతుంది, కలలొచ్చే నిద్ర తగ్గిపోతుంది. మానగానే ఆ కలలన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. కలలో తాగినట్టు వచ్చి, ఉలిక్కిపడి లేచి, మాల మెడలో ఉండగా తాగానా అని ఏడ్చిన మనుషులున్నారు. భయపడకండి, అది కోలుకుంటున్న మెదడు. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. తెల్లవారుజామున లేవడం, నేల మీద పడక, సాయంత్రం భజన, ఇవన్నీ నిద్రకు మేలు చేసేవే.

దీక్ష ఎందుకు అంత బాగా పనిచేస్తుందో నేను చాలా ఆలోచించాను. మీకు యార్డులో సాయంత్రం ఆరున్నరకి, తూకాలు అయిపోయి లెక్కలు కట్టేశాక, గొంతులో మిర్చి ఘాటు ఉండగా "పదరా" అని పిలిచే మనిషి ఒకడు ఉంటాడు. మాల వేసుకున్నాక ఆ మనిషే మిమ్మల్ని "స్వామీ" అని పిలుస్తాడు. పేరు మారింది, పిలుపు మారింది. ఎవరూ గ్లాసు చాపరు. చాపితే వాళ్ళకే పాపమనుకుంటారు. ఆరున్నర గంట ఖాళీగా లేదు, పూజ ఉంది. పక్కన నడిచే మనుషులు వేరే. వైద్యంలో మేము ఏళ్ళ తరబడి కష్టపడి కట్టాలని చూసేదంతా, సమయం మార్చడం, సోపతి మార్చడం, మనిషికి కొత్త గౌరవం ఇవ్వడం, దీక్ష ఒక్కపూటలో కట్టి ఇస్తుంది.

మాల తీసిన రోజున అదంతా ఒక్కపూటలోనే కూలిపోతుంది. మీకు కిందటేడు జరిగింది అదే. మీ మనోబలం లోపించిందని నేను అనుకోను. 41 రోజులు నిలబడ్డ మనిషికి మనోబలం లేదని ఎలా అంటాం? పేరు పోయింది, పూజ పోయింది, సోపతి పోయింది, ఆరున్నర మాత్రం తిరిగొచ్చింది. ఇంకోటి కూడా జరిగింది. 41 రోజుల్లో మీ ఒంటికి మందు తట్టుకునే శక్తి తగ్గిపోయింది. పాత కొలతే మీ చేతికి గుర్తుంది, ఒంటికి మాత్రం లేదు. అందుకే ఆఫ్ తాగి బండి మీద నుంచి పడ్డారు. ఆ రాత్రి ప్రాణంతో ఇంటికి చేరడం మీ అదృష్టం. మాల విరమణ రాత్రి అలా చేరని వాళ్ళు నాకు తెలుసు.

అందుకని మాల వేసుకునే ముందే నలభై రెండో రోజుకు పథకం వేయండి. కాగితం మీద రాయండి. కొండ నుంచి తిరుగు ప్రయాణంలో ఎవరితో వస్తారు? వ్యాన్‌లో వస్తూ దారిలో మాల తీసి అక్కడే బాటిల్ తెరిచే బృందాలుంటాయి, వాళ్ళతో రాకండి. ఇంటికి వచ్చి అమ్మ చేతో, గుడిలోనో మాల తీయించుకోండి. ఆ రాత్రి ఎక్కడుంటారు? అత్తగారి ఊరో, అక్కయ్య ఇల్లో, మందు సోపతి లేని చోటు చూసుకోండి. కొట్లో షావుకారుతో మాట్లాడి, మాల తీశాక రెండు వారాలు సాయంత్రం ఐదున్నరకే బయటపడే ఏర్పాటు చేసుకోండి. వైన్ షాపు లేని దారి చూసుకోండి, కిలోమీటరు చుట్టయినా సరే. తాగాలన్న కోరిక అలలాంటిది, పదిహేను ఇరవై నిమిషాల్లో తగ్గుతుంది. కడుపు నిండా ఉంటే ఇంకా తొందరగా తగ్గుతుంది. ఆరు గంటలకు యార్డు బయట నాలుగు అరటిపండ్లు తిని బండి ఎక్కిన మనిషి వైన్ షాపు ముందు ఆగడం తక్కువ. చిన్న విషయంలా ఉంటుంది కానీ, నా దగ్గరికి వచ్చేవాళ్ళు "డాక్టరుగారూ, ఆ అరటిపండ్లే కాపాడాయి" అని ఎన్నిసార్లు చెప్పారో.

మాల తీసినా తెల్లవారుజామున లేవడం ఆపకండి. సాయంత్రం దీపం ఆపకండి. దీక్షలో మీకు తోడున్న ఒక స్వామితో వారానికి రెండుసార్లు మాట్లాడండి. క్వార్టర్‌కూ, మంచింగ్‌కూ రోజుకు రెండొందలు అవుతున్నాయనుకుంటే 41 రోజులకు 8,200 రూపాయలు. ఆ డబ్బు మాల తీసే ముందే మీ ఆవిడ చేతికిచ్చేయండి, చేతిలో ఉంటే అది సిట్టింగ్‌కే దారి చూసుకుంటుంది.

నలభై రెండో రోజు నుంచి మళ్ళీ కొద్దిగా తాగవచ్చా అని మీరు అడగలేదు, కానీ మనసులో ఉంటుంది. సూటిగా చెబుతాను. అప్పుడప్పుడూ తాగేవాడికి విరామం అంటే విరామమే, తర్వాత తగ్గించి తాగగలడేమో. పొద్దున చెయ్యి వణికే దశకు వచ్చిన మనిషి మళ్ళీ "నైంటీతో ఆపుతా" అనుకుని ఆపగలగడం నేను చాలా అరుదుగా చూశాను. మీరు మాల తర్వాత కూడా మానేయాలనే నా సలహా. జీవితాంతం అనుకుంటే భయమేస్తుంది కాబట్టి ముందు ఇంకో 41 రోజులు అనుకోండి. ఆ తర్వాత ఇంకోసారి. కోరిక తగ్గించే మందులు, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి. మీ లివర్ రిపోర్టు చూసి ఏది సరిపోతుందో డాక్టరు నిర్ణయిస్తారు. మాల తీయకముందే వాటి గురించి అడగండి. తీసిన తర్వాత అడగడానికి ఆలస్యమవుతుంది.

మధ్యలో ఎప్పుడైనా జారితే? మాల తీసి గోడకు తగిలించి, తాగి, మళ్ళీ వేసుకున్నవాళ్ళు సిగ్గుతో కుంగిపోయి ఇంకా ఎక్కువ తాగడం చూశాను. జారితే గురుస్వామికి చెప్పండి, డాక్టరుకు చెప్పండి. మళ్ళీ మొదలుపెట్టవచ్చు. దాచిపెట్టినప్పుడే నష్టం పెరుగుతుంది.

ఇప్పుడు మీ ఇంటావిడతో మాట్లాడాలి. చెల్లెమ్మా, మీ బాధ నాకు తెలుసు. రాత్రి పదింటికి బండి శబ్దం కోసం చెవి రిక్కించి కూర్చోవడం ఎలా ఉంటుందో ఎంతోమంది చెల్లెళ్ళు నాకు చెప్పారు. కానీ ఆ పొడి వద్దమ్మా. తెలియకుండా కలిపే పొడుల్లో ఏముందో చీటీ మీద రాయరు. కొన్నింట్లో డైసల్ఫిరామ్ ఉంటుంది. మేము వాడే మందే అది, 1948 నుంచి వైద్యంలో ఉంది. కానీ రోగికి చెప్పి, ఒప్పించి, గుండె, లివర్ పరీక్షలు చూసి ఇస్తాం. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. కొందరికి గుండె ఆగుతుంది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. దీక్ష చివర్లో మీరు కలిపారనుకోండి, మాల తీసిన రాత్రి ఆయన తాగారనుకోండి, ఏం జరుగుతుందో ఆలోచించండి. ఆయనకు తెలియదు, అక్కడున్న స్నేహితులకు తెలియదు, ఆసుపత్రిలో డాక్టరుకు కూడా తెలియదు. పైగా ఎప్పటికైనా బయటపడితే, మీ చేతి అన్నం మీద ఆయనకు నమ్మకం పోతుంది. మీరు చేయగలిగింది వేరే ఉంది. మొదటి నాలుగు రాత్రులు దగ్గర ఉండండి. మాత్రలు మీ దగ్గర పెట్టుకుని వేళకు మీరే ఇవ్వండి. నలభై రెండో రోజు పథకం రాసేటప్పుడు పక్కన కూర్చోండి. డాక్టరు దగ్గరికి మీరూ వెళ్ళండి, ఆయన సగం చెబితే మిగతా సగం మీరు చెప్పండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మొహమాటమైతే ముందు ఫోన్ చేయండి. 14416 టెలీ మానస్, 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్. రెండూ ప్రభుత్వానివే, ఉచితం. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. చీటీ రాయించుకునేచోట "మందు మానాలి" అని చెబితే ఏ గదో వాళ్ళే చూపిస్తారు.

డాక్టరును కలిశాక ఆయన ఏమన్నారో, ఏ మాత్రలు రాశారో, మాల ఏ రోజు వేస్తున్నారో ఇక్కడే రాయండి. ఐదో రోజు పొద్దున టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చెయ్యి ఎలా ఉందో కూడా రాయండి. నేను చూస్తాను.

స్వామియే శరణమయ్యప్ప.